ఆదివారం రొయ్యల పొట్టు, తొమ్మిది సిమెంటు వరలు

జూన్ 8, ఆదివారం

మృగశిర కార్తె వచ్చిందని క్యాలెండర్ చెబుతోంది. నెల్లూరు ఎండకి ఆ సంగతి ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు. సాయంత్రం వీధి మలుపు తిరగ్గానే వాసన మొహానికి కొట్టింది. ఖాళీ స్థలం గోడ పక్కన నల్ల కవర్ చీల్చి రెండు కుక్కలు వాటాలు వేసుకుంటున్నాయి. రొయ్యల తలకాయలు, పొట్టు, చేప మొప్పలు, వాటితో పాటు ఎవరింటిదో టీపొడి, పిల్లల డైపర్ ఒకటి.

నాది మోటార్ వైండింగ్ షాపు, పొదలకూరు రోడ్డు మీద. ఇల్లు షాపుకి నడిచేంత దూరం. మా వీధిలో 26 ఇళ్లు. చెత్త బండి రోజూ ఉదయం ఆరున్నరకి వస్తుంది, ఆదివారం కూడా. బండిని అనడానికేం లేదు. ఆరున్నరకి చేపలు ఇంకా మార్కెట్లోనే ఉంటాయి. ఎనిమిదికి తెస్తాం, తొమ్మిదికి కడుగుతాం, పదకొండుకి మామిడికాయ వేసిన పులుసు పొయ్యి మీద ఉడుకుతుంటుంది. కడిగిన చెత్తని మాత్రం సోమవారం ఉదయం దాకా, అంటే ఇరవై గంటలకి పైగా, ఈ ఎండలో ఇంట్లో పెట్టుకోవాలి. ఎవరు పెట్టుకుంటారు? చీకటి పడ్డాక ఖాళీ స్థలంలోకి ఒక విసురు. నేనూ విసిరినవాణ్ణే.

షాపులో ప్రతి మోటారుకీ ఒక కార్డు రాస్తాను. ఎన్ని చుట్లు, ఏ గేజి తీగ, ఎందుకు కాలింది. అదే మోటారు మళ్లీ వస్తే కార్డు తీస్తే చాలు, సగం రోగం తెలిసిపోతుంది. వీధి చెత్తని ఎరువు చేసే పనికీ అలాంటి కార్డే రాద్దామని ఈ డైరీ.

జూన్ 11

ఆలోచన ఇది. వీధి తడి చెత్త వీధిలోనే ఎరువు చెయ్యాలి. ముఖ్యంగా ఆదివారానిది. అన్నీ చేసేద్దామని కాదు, ఆ ఒక్క రోజు గండం గడిస్తే చాలు.

ఖాళీ స్థలం ఆసామి బెంగళూరులో ఉంటాడు. ఫోన్ చేస్తే ముందు కంగారు పడ్డాడు, ఎవరో కబ్జా పెడుతున్నారనుకుని. అడిగిన పదిహేను రోజుల్లో ఖాళీ చేస్తామని తెల్లకాగితం మీద రాసి, ఫోటో తీసి పంపాక సరే అన్నాడు. పైగా కంపచెట్లు కొట్టించి పెట్టమన్నాడు. అది కూడా మా నెత్తినే.

సాయంత్రం ఎదురింటి టీచరమ్మ, నేను ఇల్లిల్లూ తిరిగాం. 26 ఇళ్లలో తొమ్మిది ఒప్పుకున్నాయి. మిగతా వాళ్లు కాదనలేదు, "చూద్దాంలే" అన్నారు. మన దగ్గర చూద్దాం అంటే ఏంటో అందరికీ తెలుసు. మూడిళ్లలో ఒకటే ప్రశ్న: "మళ్లా నెలకింత కట్టాల్నా?" వాళ్ల అనుమానంలో తప్పులేదు. 2021లో క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) అని మొదలుపెట్టి పచ్చ, నీలం, ఎరుపు డబ్బాలిచ్చారు, వెనకాలే చెత్త పన్ను వచ్చింది, 2024లో అది పోయింది. డబ్బాలు మాత్రం మిగిలాయి. చివరింట్లో నీలం డబ్బాలో బియ్యం, పచ్చ డబ్బాలో కరివేపాకు మొక్క. ఎర్రది బాత్రూంలో. గట్టి డబ్బాలే, నాలుగేళ్లయినా చెక్కుచెదరలేదు.

జూన్ 15, ఆదివారం

వరలు దిగాయి. మూడడుగుల వెడల్పు, అడుగు ఎత్తు, తొమ్మిది. ఒక్కోటి 450, ఆటో 600. ఒకదాని మీద ఒకటి మూడేసి పేర్చితే మూడు తొట్లు. ఒకటి నిండేలోపు ఇంకోటి మాగుతుంది, మూడోది ఖాళీగా ఉంటుంది.

దింపుతుంటే మూలింటి పెద్దాయన వచ్చాడు. "ఏందబ్బయా, బావి తవ్వుతుండావా?"

"లేదు పెద్దాయనా, ఎరువు."

"పెంటదిబ్బకి వరలేందిరా!" అని నవ్వుకుంటూ పోయాడు.

గాలి ఆడాలి కాబట్టి ఒక్కో వరకి పదహారు బెజ్జాలు. పన్నెండు ఎంఎం బిట్టు. మొదటి రెండూ బాగానే వచ్చాయి. మూడోదానికి తొందరపడి హ్యామర్ మోడ్‌లో పెట్టి వత్తాను, ఫట్‌మని నిలువునా చీలింది. ముప్పై ఏళ్లుగా డ్రిల్లు పట్టుకుంటున్నా, సిమెంటు వర పల్చన అని చెయ్యికి తట్టలేదు. చీలిన దానికి జీఐ తీగ రెండు చుట్లు బిగించి అడుగున పెట్టేశాను. మిగతావాటికి మామూలు మోడ్‌లో, మధ్యమధ్యలో నీళ్లు చల్లుకుంటూ. ఒక్కో బెజ్జానికి నాలుగు నిమిషాలు. లెక్కేస్తే తొమ్మిది వరలకి తొమ్మిదిన్నర గంటలు. వారమంతా సాయంత్రాలు దీనికే పోతాయి.

అడుగున ఇటుకలు ఎడం ఎడంగా పేర్చి దాని మీద మెష్. పందికొక్కులు కింద నుంచే వస్తాయి.

జూన్ 22, ఆదివారం

మొదటి లోడ్. అడుగున అరడుగు ఎండు వేపాకు, బాదమాకు. దాని మీద వారం చెత్త, పైన ఆవుపేడ కలిపిన నీళ్లు, పుల్ల మజ్జిగ ఒక లీటరు. మళ్లీ ఎండుది.

లెక్క టీచరమ్మది, ఆవిడ హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైంది. కుప్పలో నత్రజని ఒక పాలుంటే కర్బనం 25 నుంచి 30 పాళ్లుండాలి. కూరగాయల చెత్తలో 15, 20 దగ్గరే ఆగిపోతుంది. ఎండుటాకులో 50 పైన. చేపల చెత్తలో నాలుగో అయిదో, అంతే. అందుకే చేప ఒక్కటే పెడితే ఎరువవ్వదు, కుళ్లిపోతుంది. చేప ఎంత పడితే దానికి రెండింతలు, మూడింతలు పొడిది పడాలి.

పొడిది కావాలంటే మనకేం కరువు? వరి పండే జిల్లా. రైసు మిల్లులో ఊక అడిగితే రెండు బస్తాలు ఊరికే ఇచ్చారు.

మా అమ్మ కుర్చీ వేసుకుని గోడ అవతల నుంచి అంతా చూసింది. "మీ తాత ఇంట్లో బియ్యం కడిగిన నీళ్లు, తొక్కలు కుడితి తొట్లోకి. ఊడ్చిన కసువు దిబ్బ మీదికి. ఇంక చెత్త అనేదే లేదురా. ఇప్పుడు దీనికి డ్రిల్లింగ్ మిషన్లు గావాల్నా?" అంది. గేదెలు లేవు, దిబ్బ లేదు, కవర్లు వచ్చాయి. అమ్మకి జవాబేం చెప్పాలో తెలీలేదు.

జూన్ 26

నా దగ్గర క్లాంప్ మీటరుకి వేడి చూసే ప్రోబ్ ఉంది. మోటారు బాడీ వేడి చూసేది. దాన్ని కుప్ప మధ్యలోకి దించాను. సోమవారం 38, మంగళవారం 47, నిన్న 56, ఇవాళ 61 డిగ్రీలు. మోటారు 61 చూపిస్తే నాకు టెన్షన్, ఇక్కడ మాత్రం ఆనందం. 55 పైన మూడు రోజులుంటే రోగాల క్రిములు, కలుపు గింజలు చాలావరకు చస్తాయి. పొద్దున ఆకు తొలగిస్తే ఆవిరి లేచింది. పక్కింటి పిల్లలకి అదో వింత, గుడ్డు పెట్టి ఉడకబెడదామన్నారు. 61కి ఉడకదని చెప్పినా వినలేదు. పెట్టారు. ఉడకలేదు.

జూన్ 29, ఆదివారం

అసలు పరీక్ష ఇవాళే. పది గంటల నుంచి ఒక్కొక్కరే గిన్నెలతో వచ్చారు. తొమ్మిదిళ్ల నుంచి చేప, రొయ్య చెత్త తూకం వేస్తే నాలుగు కిలోల ముప్పావు. కుప్ప నడిమధ్యన పారతో గొయ్యి చేసి, అందులో వేసి, ఊక కప్పి, పాత కుప్పని మళ్లీ పైకి లాగాను. అంచుల దగ్గర వెయ్యకూడదు, అక్కడ వేడుండదు, పైగా బెజ్జాల్లోంచి ఈగలు గుడ్లు పెడతాయి.

రాత్రి తొమ్మిదింటికి వెళ్లి వాసన చూశాను. తడి మట్టి వాసన. కొంచెం ఘాటు. గోడ పక్కన కుక్కలు ఉన్నాయి గానీ పాపం వాటికేం దొరకలేదు.

జూలై 10

రొట్టెల పండక్కి బారాషహీద్ దర్గాకని ఊళ్ల నుంచి చుట్టాలు దిగారు. నాలుగైదిళ్లలో రోజూ పాతికమంది భోజనాలు. విస్తరాకులైతే ముక్కలు చేసి వేసేశాం. వెండి రంగు కాగితం ప్లేట్లు వేరే కథ. కాగితమే కదా అని వేశారు. వాటి మీద పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, అది అలాగే మిగిలిపోతుంది. చేత్తో ఏరి తీశాను. గంటన్నర పట్టింది.

జూలై 21, సోమవారం

ఇవాళ్టిది రాయడానికి చెయ్యి రావట్లేదు. కానీ కార్డు మీద మంచివే రాస్తే అది కార్డు కాదు.

తడిది తొట్లోకి పోతున్నా, మిగతాది బండికే ఇస్తాం. ఆరున్నరకి విజిల్ వినబడింది. బండి అక్క (వీధిలో అందరూ అలాగే పిలుస్తారు) మా గేటు దగ్గర మా కవర్ అందుకుని, ముడి విప్పి లోపలికి చెయ్యి పెట్టి, చటుక్కున వెనక్కి లాక్కుంది. గ్లవ్సు ఉన్నాయి. కుడిచేతి దానికి బొటనవేలి మొదట్లో చిరుగు. నేను నీళ్లు తెచ్చేలోపే ఆమె ఎడమచేత్తో అందులోంచి ఒకటి తీసి గేటు మీద పెట్టింది.

సగం బ్లేడు. ఒక అంచుకి ఇన్సులేషన్ కాగితం మడిచి అంటించి ఉంది.

అలా మడిచేది వీధి మొత్తంలో నేనొక్కణ్ణే. రాగి తీగ కొసన ఎనామిల్ గీకాలి, లేకపోతే జాయింటు పట్టదు. బ్లేడుని మధ్యకి విరిచి, ఒక అంచుకి కాగితం చుట్టుకుంటాను. నా వేలు తెగకుండా.

"ఏం గాదులే అన్నా, నెలకోసారి ఉండేదే" అంది ఆమె. గాజుపెంకులు, సూదులు, ట్యూబులైటు ముక్కలు. ఆ లెక్క చెబుతూ మధ్యలో చెయ్యి విదిలిస్తూనే ఉంది. టీటీ సూది వేయించడానికి బండి మీద తీసుకెళ్తానంటే, ముందు వీధి ముగించాలంది. ఆమె వెనక మిగిలిన పదకొండిళ్లూ నేనే కవర్లు అందుకున్నాను. అప్పుడు చూశాను. చారు నీళ్లు కారుతున్న కవర్, ముడి మీద ముడి. విప్పకుండా బండిలో వేస్తే తడిదీ పొడిదీ కలిసి ఒకటే ముద్ద, దొంతాలి చెత్త యార్డుకి పోయాక దాన్ని ఇంకెవరో ఏరాలి. విప్పితే చెయ్యి పెట్టాలి.

"మీరు కలిపిస్తారు, మేం ఏరతాం. అంతే గదన్నా" అంది ఆస్పత్రి నుంచి వస్తూ. నేను ఆరువారాలుగా కర్బనం, నత్రజని లెక్కలేసుకుంటూ కూర్చున్నాను.

జూలై 27, ఆదివారం

అయిదు లీటర్ల ఖాళీ నూనె డబ్బాలు రెండు, మూతికి సన్నటి చీలిక కోసి, ఒకటి వీధి మొదట్లో స్తంభానికి, ఒకటి మా గేటుకి. బ్లేడ్లు, సూదులు, గాజుపెంకులు అందులోకే. నిండితే మూత మూసి టేపు చుట్టి, పైన ఎర్ర పెయింటుతో అడ్డగీత. ట్యూబులైట్లు, బల్బులు, సెల్లులు, గడువు తీరిన మాత్రలు ఒక అట్టపెట్టెలో, విడిగా. ప్యాడ్లు, డైపర్లు పేపర్లో చుట్టి దారం కట్టడం. ఇలాంటివి విడిగా ఇవ్వాలని 2016లో వచ్చిన ఘన వ్యర్థాల నిబంధనల్లోనే ఉంది, కొత్తగా మేం కనిపెట్టిందేం లేదు.

బ్లేడు సంగతి నేనే ఇంటింటికీ చెప్పాను, ఎవరిదో దాచకుండా. తమాషా ఏంటంటే నెలన్నరగా "చూద్దాంలే" అన్న ఇళ్లలో ఆరు ఈ వారం ఒప్పుకున్నాయి. ఎరువు గురించి టీచరమ్మ అంత చెప్పినా కదలని వాళ్లు. చివరింటామె బియ్యం వేరే డబ్బాలోకి మార్చి, నీలం డబ్బా కడిగి గేటు దగ్గర పెట్టింది.

తొట్లో తెల్లటి, బూడిద రంగు పురుగులు పుట్టాయి, వేలెడు లావు కాదుగానీ బియ్యపు పురుగు కాదు. రెండిళ్లవాళ్లు జడుసుకున్నారు. బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పిల్లలు అవి. మన అన్నం మీద వాలే ఈగ కాదు, కుళ్లేదాన్ని తినేసి పోతాయి. ఎక్కువైతే పొడిది తక్కువైందని అర్థం. పెద్దాయన కోళ్లు మాత్రం ఆ రోజు నుంచి మా తొట్ల చుట్టే తిరుగుతున్నాయి.

ఆగస్టు 17, ఆదివారం

మొదటి తొట్టి విప్పాం. ఎనిమిది వారాలు. పై వర ఎత్తగానే నల్లటి పొడి కనబడి చప్పట్లు కొట్టారు. రెండో వర దగ్గర చప్పట్లు ఆగిపోయాయి. ఊక. పోసింది పోసినట్టు, పసుప్పచ్చగా, నల్ల పొడి మధ్యలో మెరుస్తోంది. రొయ్య పొట్టు కూడా మిగిలింది గానీ అది వేలితో నలిపితే పొడవుతోంది. ఊక నలగదు.

కారణం దాని పైపొరలో ఉండే సిలికా. ఇటుక బట్టీలో కాలిస్తే బూడిద అంత మిగిలేది అందుకే. పైగా ఊక నీళ్లు పీల్చదు. కుప్పలో గాలి ఆడటానికి కాస్త కలపొచ్చు, అదే ప్రధానంగా పోస్తే ఎప్పటికీ మాగదు. ఊరికే వచ్చిందని సంబరపడ్డాను.

ఇక నుంచి రంపపు పొట్టు. టింబరు డిపోలో బస్తా 40. ప్లైవుడ్ కోసిన పొట్టు వద్దు, అందులో జిగురుంటుంది, మామూలు చెక్కదే అడిగి తీసుకోవాలి. దాంట్లో కర్బనం కొన్ని వందల పాళ్లు, అందుకని కొంచెమే చాలు, ఎండుటాకు కలిపి. కొబ్బరి పీచు పొట్టు కూడా బాగుంటుంది, తడి పట్టుకుంటుంది. తడి ఎంతుండాలంటే, పిడికిట్లో పట్టి పిండితే వేళ్ల సందున ఒకటి రెండు చుక్కలు రావాలి. కారితే ఎక్కువ, ముద్ద విడిపోతే తక్కువ.

ఆగస్టు 29

వినాయక చవితి పత్రి వచ్చి పడింది. పూలు, మారేడు, గరిక, అరటి పిలకలు. దేవుడి పత్రిని చెత్తతో కలపడానికి కొందరికి మనసొప్పలేదు. న్యాయమే. మూడో తొట్టి ఖాళీగానే ఉంది కాబట్టి అది పత్రికి మాత్రమే అన్నాం. గొడవ లేదు.

సెప్టెంబరు 14, ఆదివారం

మిగిలిన ఊకని, పుల్లల్ని చేటతో చెరగడం నా వల్ల కాలేదు. జల్లెడ మిషన్ కట్టాను. ఈ మొత్తం ప్రాజెక్టులో నాకు నచ్చిన పని ఇదొక్కటే, కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను.

సైకిలు రిమ్ములు రెండు, నాలుగడుగుల ఎడంతో. వాటి చుట్టూ పావు అంగుళం కన్ను జీఐ మెష్, లోపల మూడు పట్టీలు. డ్రమ్ము ఒక పక్క ఇటుక ఎత్తున వాలు. మోటారు, మూడేళ్ల క్రితం ఎవరో రిపేరుకిచ్చి మళ్లీ రాని పెద్ద గ్రైండరుది, అర హెచ్‌పీ, నిమిషానికి 1440 చుట్లు తిరిగేది. వైండింగ్ కొత్తగా చుట్టాను. మోటారుకి రెండంగుళాల పుల్లీ వేసి బెల్టు నేరుగా రిమ్ము గాడిలోకి. రిమ్ము దాదాపు 24 అంగుళాలు, అంటే నిమిషానికి 120 చుట్లు.

స్విచ్ వేశాను. బ్రహ్మాండంగా తిరిగింది. ఎరువు మాత్రం ఒక్క గింజ రాలలేదు. డ్రమ్ము లోపలి గోడకి అతుక్కుపోయి దాంతో పాటే తిరుగుతోంది, గిరగిరా తిప్పిన చెంబులో నీళ్లలాగ. ఆపితే అంతా ఒక్కసారి దబ్బున పడింది, నా కాళ్ల మీద. పిల్లలు పడీపడీ నవ్వారు.

వేగం తగ్గాలి. మధ్యలో ఇంకో షాఫ్టు పెట్టాను. మోటారు రెండంగుళాల పుల్లీ నుంచి షాఫ్టు మీది పన్నెండు అంగుళాల పుల్లీకి, అక్కడికి 240. అదే షాఫ్టు మీద మూడంగుళాల పుల్లీ నుంచి రిమ్ముకి, 30. ఇప్పుడు ఎరువు పైకి పోతుంది, సగం ఎత్తుకి వెళ్లి జారుతుంది, జారేటప్పుడు రాలుతుంది. చప్పుడు కూడా మారింది, వానలో రేకు మీద పడే చినుకుల్లాగ సన్నగా. తడిగా ఉంటే కన్నులు మూసుకుపోతున్నాయి, అందుకని రెండ్రోజులు నీడన ఆరబెట్టాకే పోయాలి. ఇంటి నుంచి లాగిన వైరుకి ఈఎల్‌సీబీ (కరెంటు లీకైతే దానంతటదే ఆపేసే స్విచ్) పెట్టాను. తడి నేల, పిల్లలు.

మొదటి తొట్టి నుంచి జల్లించింది 62 కిలోలు. కిలో సంచులు కట్టి ఇంటికి రెండు. మిగిలింది కుండీలకి, వీధి వేపచెట్లకి.

సెప్టెంబరు 28, ఆదివారం

మూడో ఇంటి కుర్రాడు, ఇంజనీరింగ్ చదువుతున్నాడు, మంచి ఐడియా అని వచ్చాడు. పొడి చెత్త మనమే పోగేసి పాత సామాన్ల కొట్టుకి అమ్మితే వానాకాలం లోపు తొట్ల మీద వేసే రేకుల షెడ్డుకి డబ్బు వస్తుందని. రెండు వారాలు పోగేశాం. పేపర్లు, అట్టపెట్టెలు, నీళ్ల సీసాలు, కడిగి ఆరేసిన పాల కవర్లు. చిప్స్ ప్యాకెట్లు కొట్టువాడు చేత్తో కూడా ముట్టలేదు. ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు కలిపి అతికించి ఉంటాయి, విడదీయలేరు, సిమెంటు ఫ్యాక్టరీ కొలిమిలో కాల్చుకోవడానికి తప్ప పనికిరావు. మిగతావాటికి 640 వచ్చాయి.

ఈ రెండు వారాలు బండి అక్క మా వీధిలో ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదు. అడిగితే "ఏం లేదన్నా" అంది. మా అమ్మే కనిపెట్టింది. "ఆ అట్టపెట్టెలు, సీసాలే గదరా ఆ పిల్ల టీ, టిఫిను" అని. బండి హ్యాండిలుకి ఎప్పుడూ వేలాడే గోతాం రెండు వారాలుగా ఖాళీ. నేను రోజూ చూస్తూనే ఉన్నాను, చూడలేదు.

640 ఆమెకిచ్చాం. ముందు వద్దంది. ఇక నుంచి పొడిది కడిగి, ఆరబెట్టి, గోతాంలో ఆమెకే. కుర్రాడు కాస్త నొచ్చుకున్నాడు, రెండ్రోజుల తర్వాత తనే అందరిళ్ల నుంచి గోతాలు మోసుకొచ్చి గేటు దగ్గర పెట్టాడు.

అక్టోబరు 23

షెడ్డు వెయ్యలేదు. వాన ఆగలేదు. మనకి అసలు వానలు ఇప్పుడేనని తెలిసీ దసరా అయ్యాక చూద్దామనుకున్నాం. స్థలం రోడ్డు కంటే అడుగు పల్లం. నీళ్లు రెండో వర దాకా నిలిచాయి. టార్పాలిన్ పట్ట కప్పితే పై నుంచి వచ్చే నీళ్లు ఆగాయి గానీ కింద నుంచి వచ్చేవి ఎలా ఆగుతాయి?

ఇవాళ నీళ్లు దిగాక మూత తీస్తే కుళ్లిన కోడిగుడ్డు వాసన. గాలి అందక చచ్చిపోయింది కుప్ప. మీటరు 29 చూపించింది, బయటి గాలి వేడే అది. నాలుగిళ్లవాళ్లు గిన్నెలతో వచ్చి వాసన చూసి వెనక్కి పోయారు. ఒకాయన "మేం ముందే చెప్పాం" అన్నాడు. ఆయన ముందేం చెప్పలేదు.

అక్టోబరు 30

మొంథా తుఫాను 28 రాత్రి నర్సాపురం దగ్గర తీరం దాటింది. మనకి గాలి పెద్దగా లేదు, వాన మిగిలింది. తెరిపిచ్చిన ఇవాళ నేను, కుర్రాడు, ఒక కూలీ కలిసి రెండు తొట్లూ పూర్తిగా విప్పాం. రాళ్లతో, మట్టితో అడుగున్నర దిమ్మె కట్టి దాని మీద మళ్లీ పేర్చాం. తడిసిన కుప్పలో మూడు బస్తాల రంపపు పొట్టు కలిపి, గుల్లగా ఎగరేస్తూ నింపాం. పైన రేకులు, 3,200. ఒళ్లంతా ఆ వాసన, సబ్బుకి పోలేదు, మా ఆవిడ నిమ్మచెక్కతో రుద్దుకోమని బయటే నిలబెట్టింది.

నవంబరు 4

52 డిగ్రీలు. వాసన లేదు.

నవంబరు 16, ఆదివారం

లెక్కలు. వరలు 4,050, ఆటో 600, ఇటుకలు, మెష్ 1,350, జల్లెడ సామాను 2,700, రేకులు 3,200. మొత్తం 11,900. రంపపు పొట్టు, కూలీ దీంట్లో లేవు. ఇంటికి 200 చొప్పున 19 ఇళ్లు ఇచ్చింది 3,800. మిగతాది టీచరమ్మ, నేను చెరిసగం. ఎరువు అమ్మలేదు.

26లో 19. మిగిలిన ఏడిళ్లలో రెండు అద్దె ఇళ్లు, మనుషులు మారుతుంటారు. ఒకటి ఎప్పుడూ తాళం. నాలుగు మాత్రం ఇప్పటికీ "చూద్దాంలే". వాటిలో ఒకరి కవర్ ఇంకా చీకటి పడ్డాక గోడ మీంచి వస్తోంది. ఎవరో తెలుసు. ఇక్కడ రాయను, ఆయన గ్రైండరు కూడా నా దగ్గరే ఉంది.

పదునైనవి వేసే డబ్బాలు ఇప్పటికి మూడు నిండాయి. సగం నావే. జూలై 21 తర్వాత మా వీధిలో చెయ్యి తెగలేదా అని అక్కని అడిగాను. "మీ వీధిలో లేదు" అంది. ఆమెకి ఇంకా అయిదు వీధులున్నాయి.

డిసెంబరు 6, శనివారం

పొద్దున అక్క బండి ఆపి, ఎరువు ఒక సంచి కావాలని అడిగింది, ఇంటి ముందు మునగచెట్టుకి. ఆరు నెలల్లో ఆమె ఏదైనా అడగడం ఇదే. నాలుగు కిలోలు కట్టిచ్చాను. సంచి విప్పి వాసన చూసి, వేళ్లతో నలిపి, "దీంట్లో బ్లేడు లేదు గదన్నా?" అంది. నవ్వాలో ఏం చెయ్యాలో తెలీక నుంచున్నాను. ఆమే నవ్వింది.

పెద్దాయన మనవరాలికి రేపు పెళ్లిచూపులు. ముప్పైమంది భోజనాలు, కొరమీను పులుసు, రొయ్యల వేపుడు. పది కిలోల రొయ్యలంటే తలకాయలు, పొట్టు కలిపి నాలుగు కిలోలు తగ్గవు, చేపది వేరే. ఒకటో తొట్టి నిండింది, రెండోది సగం. రంపపు పొట్టు ఒకటిన్నర బస్తా ఉంది, చాలదు. టింబరు డిపో ఆదివారం మూసేస్తారు. ఆరయ్యేలోపు వెళ్లి ఇంకో రెండు బస్తాలు తెచ్చుకోవాలి.